పరుసవేది వెదికినవారు మిగిల్చిన సంపద

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బంగారమే ఊరి పేరైన చోటు కోలారు గోల్డ్ ఫీల్డ్స్. బంగారం రాతినుండి ఎంత కష్టంతో వెలువడుతుందో ఇక్కడి కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి ఊరిలో, గనిలోకి దిగకుండానే బంగారాన్ని సృష్టించాలనుకున్న రసవాదుల ప్రసక్తి వింతగా తోచవచ్చును. రసవాదులు బంగారం చేయలేకపోయారు. కాని వారి రాతలను వెదకి, పోగుచేసి, అచ్చువేసినవారు లోకానికి ఒక మేలు చేశారు. ఆ మేలు ఎటువంటిదో తెలుసుకోవడం ఈ ఊరికి నేడు ఎంతో అవసరం.

సీసం, తగరం వంటి లోహాలను బంగారంగా మార్చవచ్చునన్న విశ్వాసమే రసవాదానికి మూలం. ఆ మార్పును కలిగించే వస్తువును తెలుగువారు పరుసవేది అన్నారు. ఐరోపాలో ఈ విద్యకు చెందిన రచనలు శతాబ్దాల తరబడి చేతిరాత ప్రతులుగా మఠాలలోను, వైద్యుల ఇళ్లలోను, ప్రభువుల భాండాగారాలలోను చెదిరి ఉండేవి. రహస్యం బయటపడకుండా రచయితలు ద్రవ్యాలకు మారుపేర్లు పెట్టేవారు. ఒకచోట పచ్చని సింహం, మరొకచోట మహాసర్పం. ఒక్క గ్రంథాన్ని చదివినవానికి దారి దొరికేది కాదు. పలు గ్రంథాలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే ఏ పేరు దేనిని సూచిస్తున్నదో కొంతైనా బోధపడేది.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఆ పోలికకు వీలు కలిగింది. 1541లో న్యూరెంబర్గులోను, 1572లో బాసెల్ నగరంలోను ఇటువంటి సంకలనాలు వెలువడ్డాయి. లాజరస్ జెట్స్‌నర్ అనే ప్రచురణకర్త 1602లో ‘థియేట్రమ్ కెమికమ్’ పేరుతో మూడు సంపుటాలు ప్రకటించాడు. ఆ పేరుకు రసాయన రంగస్థలమని అర్థం. అతని వారసులు పనిని విడువక కొనసాగించగా 1661 నాటికి అది ఆరు సంపుటాలై, రెండు వందలకు మించిన గ్రంథాలకు నిలయమైంది. 1702లో జెనీవాలో మాంజె అనే వైద్యుడు రెండు బృహత్సంపుటాలతో మరొక సంకలనాన్ని వెలువరించాడు.

ఈ పుటలలో భ్రమ ఉన్నది, అతిశయోక్తి ఉన్నది. వాటి నడుమనే బట్టీపట్టడం, స్ఫటికీకరించడం, ఆమ్లాలలో లోహాలను కరిగించడం వంటి నిజమైన పనితనమూ ఉన్నది. సర్ ఐజాక్ న్యూటన్ ‘థియేట్రమ్ కెమికమ్’ సంపుటాలను తన దగ్గర ఉంచుకొని శ్రద్ధగా చదివాడు. ఆరవ సంపుటం వెలువడిన 1661లోనే రాబర్ట్ బాయిల్ తన ‘స్కెప్టికల్ కిమిస్ట్’ గ్రంథంలో పాత సిద్ధాంతాలను నిలదీశాడు. పాత రాతలు చేతికి అందినందుననే వాటిని పరీక్షించడానికి వీలైంది. మరుగున పడిపోయిన దానిని ఎవరూ సరిదిద్దలేరు.

ఈ సంకలనకర్తలలో ఇలియాస్ ఆష్మోల్ ప్రత్యేకంగా స్మరింపదగినవాడు. పెద్ద సంకలనాలన్నీ లాటిన్ భాషలో ఉండగా, అతడు తన మాతృభాషయైన ఆంగ్లంలో పూర్వులు వ్రాసిన రసవాద పద్యాలను వెదకి, 1652లో లండన్‌లో ప్రకటించాడు. అంతకు వంద సంవత్సరాలకు పైగా ముందే ఇంగ్లండులో మఠాలు మూతపడి, వాటి పుస్తకాలు అనేకం నాశనమైపోయాయి. ఆ నష్టాన్ని ఆష్మోల్ తన పీఠికలో వాపోయాడు. పండితభాషలో లేదన్న కారణంగా తన భాషలోని విద్య అంతరించరాదన్నది అతని పట్టుదల. 1683లో ఆక్స్‌ఫర్డులో అతని పేరిట తెరచిన ప్రదర్శనశాల నేలమాళిగలో రసాయన ప్రయోగశాలకు కూడా చోటు దొరికింది.

తెలుగునేలకు ఈ విద్య కొత్తది కాదు. నిత్యనాథ సిద్ధుని ‘రసరత్నాకరం’ శ్రీశైలాన్ని సిద్ధిక్షేత్రంగా వర్ణించింది. వేమన బంగారం చేసే విద్యను సాధించాడని, పిదప దానిని త్రోసిపుచ్చి జ్ఞానమార్గం పట్టాడని జనశ్రుతి. ఆ కథలో నిజమెంతో గాని, వేమన పద్యాలు మాత్రం నిజమైన బంగారం. వాటినీ ఒకరు పోగుచేయవలసి వచ్చింది. సి.పి.బ్రౌన్ ఊరూరి ప్రతులను తెప్పించి, పండితుల సహాయంతో పాఠాలను పోల్చి, 1829లో ఆ పద్యాలను ఆంగ్లానువాదంతో సహా ప్రకటించాడు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ చేతిరాత ప్రతులను గాలించి, భారతీయ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటాన్ని 1902లో వెలువరించాడు. శివనసముద్రం జలవిద్యుత్తు కోలారు గనులకు చేరినది కూడా ఆ సంవత్సరమే.

రసవాది పూజించిన పాదరసం కోలారు గనులలో వేరొక పని చేసింది. తెల్లరాతిని స్టాంపు మిల్లులో పొడిచేసి, నీటితో కలిపి, పాదరసం పూసిన రాగిరేకులపై ప్రవహింపజేసేవారు. పిండిలోని బంగారు రేణువులు పాదరసానికి అంటుకొనేవి. ఆ ముద్దను గీకి తీసి వేడిచేస్తే పాదరసం ఆవిరై వేరు పాత్రలో తిరిగి చేరేది, బంగారం మిగిలేది. రేకులకు చిక్కని సూక్ష్మాంశాన్ని సయనైడ్ ద్రావణంతో రాబట్టేవారు. ఆ పాదరసం ఒక్క రేణువునైనా సృష్టించలేదు, చెదిరినదానిని ఒకచోట చేర్చింది. 1880లో జాన్ టేలర్ సంస్థ రాకతో ఊపందుకొన్న ఈ గనులు మొత్తం మీద సుమారు 800 టన్నుల బంగారాన్ని ఈ విధంగానే పోగుచేసి ఇచ్చాయి.

2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడ్డాయి. కుటుంబాలు ఉపాధి కోసం బెంగళూరుకు, ఇతర నగరాలకు తరలిపోయాయి. వాటితోపాటు ఈ ఊరి విద్య కూడా చెదిరిపోతున్నది. గనిలో పైకప్పు పలికే శబ్దాన్ని బట్టి అపాయాన్ని గుర్తించిన పెద్దలు, మిల్లులో ముద్దను చేతితో తడిమి పాకం చెప్పగలిగినవారు ఒక్కొక్కరుగా కనుమరుగవుతున్నారు. వారు తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు కలిపి వాడిన పనిమాటలు ఏ నిఘంటువులోనూ లేవు. పని పుస్తకాలు, ఉత్తరాలు, ఫొటోలు రేకుపెట్టెలలో చెదలుపడుతున్నాయి.

ఇవి ఎందుకు పనికివస్తాయని అడిగేవారికి ఊరి అంచున నిలిచిన సయనైడ్ దిబ్బలే సమాధానం. పనికిరాదని పారబోసిన ఆ మట్టిలో ఇంకా కొంత బంగారం మిగిలి ఉన్నది. ఏది మట్టి, ఏది లోహమన్నది తరువాతివారు తేల్చుకోగలరు. అయితే ముందు అది వారిదాకా చేరవలసి ఉన్నది.

కాబట్టి ఈ జూబిలీ సంవత్సరంలో పాఠశాల గ్రంథాలయంలో ఒక అల్మరాను ఈ పనికి కేటాయించడం ఉచితం. పూర్వవిద్యార్థులు తమ ఇళ్లలోని కాగితాల నకళ్లను పంపవచ్చును. తల్లిదండ్రులు తాతల చేత పిల్లలకు పాత పని సంగతులు చెప్పించవచ్చును. పిల్లలు వాటిని విన్నది విన్నట్టుగా, చెప్పినవారి పేరు, సంవత్సరం సహితంగా తెలుగులో వ్రాసి పెట్టవచ్చును. రెండు కథనాలు పొసగకపోతే రెండింటినీ ఉంచాలి. బ్రౌన్ దొర ప్రతులను పోల్చినట్లు రేపటి విద్యార్థి వాటిని పోల్చి చూస్తాడు.

జెట్స్‌నర్ మొదలుపెట్టిన పని పూర్తి కావడానికి 59 సంవత్సరాలు, మరొక తరం పట్టాయి. ఈ పనికి అంత వ్యవధి లేదు, చెప్పగలిగిన పెద్దలు వృద్ధులైపోయారు. జూబిలీ దీపాలు ఆరకముందే మొదటి నోటుపుస్తకం తెరుచుకొనుగాక.