బంతి లేనివాని ఆట

కృష్ణా జిల్లా మెట్టసీమగా పెద్దలు చెప్పుకొను జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను పాఠశాల మైదానములలో ఒక మాట మారలేదు: “పొట్టివాడవు, నీకు బాస్కెట్‌బాల్ ఎందుకోయి?” బుట్ట పదియడుగుల యెత్తున నుండుటచే ఈ మాట న్యాయముగనే తోచును. చురుకైన పిల్లలు దానిని నమ్మి మైదానపు టంచున నిలిచిపోవుదురు. మేము మాత్ర మంగీకరింపము.

1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో ఈ యాటను కల్పించిన జేమ్స్ నైస్మిత్, భుజముతో త్రోయుటను, పట్టుకొనుటను, నెట్టుటను తొలి నియమములలోనే నిషేధించెను. నెట్టరాదు గాని నిలువవచ్చును. ‘స్క్రీన్’ అనబడు అడ్డునకు ఆధార మిదియే. మనవానిని కాచుచున్న ఎదిరి త్రోవలో సహచరు డొకడు రెండు పాదములు నేల నూని కదలక నిలుచును. మనవాడు వాని భుజమును రాచుకొనుచు పరుగిడును. నడుమ గాలి దూరు సందున్నను ఎదిరియు దూరును. నిలిచియున్న ఎదిరికి కానరాకుండ వెనుక నిలుచునపుడు, అతడు ఒక్క యడుగు వేయుటకు చోటు విడువవలెను. అడ్డు నిలిచిన పిదపనే మనవాడు కదలవలెను. తొందరపడినచో సహచరుడు కదలుచుండగనే ఎదిరికి తగులును, తప్పు వానిపై పడును.

ఇంతవరకు అందరును నేర్పుదురు. పిల్లలు ఆ దారిని ఎక్కమువలె వల్లించి, ఎదిరి వేరొక దారి పట్టగనే తెల్లబోవుదురు. నేర్పవలసినది దారి కాదు, చూపు. ఎదిరి వెన్నంటి వచ్చినచో అడ్డును చుట్టి బుట్టవైపు తిరుగవలెను. అడ్డునకు ఆవలనుండి దగ్గరదారిన పోయినచో, బుట్టకు దూరముగా జరిగి బంతి నందుకొని వేయవలెను. ముందే పసిగట్టి త్రోవ కట్టినచో, అడ్డునే విడిచి వెనుదిరిగి బుట్టక్రిందికి పరుగిడవలెను. “అడ్డు పెట్టించుకొని విడుచుటయా?” అని పిల్లలు విస్తుపోవుదురు. పొట్టివాని చురుకుదనము ఫలించునది ఇచ్చటనే. ఎదిరు లిద్దరును తమ మనుష్యులను మార్చుకొన్నచో, అడ్డు నిలిచినవాడే కొత్త ఎదిరిని వీపున నుంచుకొని బుట్టవైపు సాగవలెను.

ఈ చూపు మన పల్లెపిల్లలకు కొత్త కాదు. చెడుగుడులో కూతకు పోయినవాడు ఎదుటివారి ముఖములు చూడడు, మోకాళ్లు చూచును. మూలనున్నవాని బరువు ముందుకాలిపై పడగనే వాడు చీలమండకు దుముకబోవుచున్నాడని గ్రహించును. ఆ కన్నే ఇచ్చటను కావలెను.

సాధనకు తొలుత బంతి వలదు. అడ్డుగా ఒక కుర్చీ చాలును. గీతలకు సున్నము కొరతయు లేదు, జగ్గయ్యపేట సున్నపురాతి సీమయే గదా! ఉపాధ్యాయుడు పరుగిడువాని వెనుక నిలిచి, కాచువానికి మాత్రము ఒకటో, రెండో, మూడో వ్రేళ్లు చూపవలెను. వాడు ఆ ప్రకారము వెన్నంటియో, దగ్గరదారినో, ముందుగనో పోవును. పరుగిడువాడు తాను చూచినదానిని “వెనుక”, “దగ్గర”, “ముందు” అని కేకవేసి, అందుకు తగిన దారి పట్టవలెను. మొదట నడకతో, పిదప పరుగుతో చేయింపుడు. కొన్నిదినములకు వ్రేళ్లు చూపుట మాని, కాచువానిని తన యిష్టము వచ్చిన దారిన పోనిండు. అప్పుడు ఏ కేక వినబడునో చెవియొగ్గి వినుడు.