గాలీ వెలుతురూ ఇంటివారి హక్కులే

విశ్వప్రభువైన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతీ శుభాలూ కురవాలని వేడుకుంటున్నాం.



దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో అల్లాహ్ మానవునికి తాను ప్రసాదించిన అనుగ్రహాలను ఒక్కొక్కటిగా గుర్తు చేశాడు. మన ఇళ్ళను మనకు నెమ్మది నిచ్చే తావులుగా చేయడం కూడా ఆ అనుగ్రహాలలో ఒకటని తెలిపాడు (16:80). అక్కడ వాడిన ‘సకన్’ అనే పదం గమనించదగినది. నివాసానికి వాడే ‘మస్కన్’, మనశ్శాంతికి వాడే ‘సకీనత్’ అదే ధాతువు నుంచి పుట్టాయి. ఏ కప్పు కింద మనిషి భయం లేకుండా కళ్ళు మూసుకోగలడో, గుండెనిండా ఊపిరి పీల్చుకోగలడో, ఆ చోటుకే ఇల్లనే పేరు తగినది. నాలుగు గోడలూ ఒక తలుపూ ఉన్నంత మాత్రాన ఆ పేరు చెల్లదు.

కిటికీలు, మెట్లు, కరెంటు తీగలు మేస్త్రీలూ ఇంజనీర్లూ చూసుకోవలసిన సంగతులు కదా, మింబర్ మీద వాటి ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రాణరక్షణ షరీఅత్ ఐదు ప్రధాన లక్ష్యాలలో ఒకటని మన ధర్మవేత్తలు నిర్ణయించారు. ఏ గది మనిషి ప్రాణం తీయగలదో, ఆ గది షరీఅత్ పరిధిలోనిదే.

సోదరులారా! 2025 మే 18 ఉదయం హైదరాబాద్ చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంట్లో అగ్నిప్రమాదం జరిగింది. 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. ఇంట్లోకి పోవడానికీ, ఇంట్లోనుంచి రావడానికీ ఇరుకైన దారి ఒక్కటే. మెట్లు కూడా ఇరుకైనవే. పొగ కమ్ముకున్నాక ఆ దారి మూసుకుపోయింది. అంతకు ముందు 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్టుమెంటులో కనీసం 9 మంది చనిపోయారు. మనుషులు కాపురముండే ఆ భవనం కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనం తగలబడి దాదాపు 50 మంది మృతి చెందారు. వారిలో అత్యధికులు భారతీయులు, ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ బిడ్డలు.

మరణం అల్లాహ్ నిర్ణయించిన వేళకే వస్తుంది. ఇది మన విశ్వాసం. అయితే విధివ్రాతను సాకుగా చూపి మన నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చుకునే అనుమతి మనకు లేదు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయింది. ఆ వార్త తెలిసిన దైవప్రవక్త (సఅసం) సంతాపంతో సరిపెట్టలేదు. నిప్పు మీకు శత్రువనీ, నిద్రించే ముందు దాన్ని ఆర్పివేయాలనీ ఆజ్ఞాపించారు. ఇది బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. విధి మీద విశ్వాసం, జాగ్రత్త పాటించే బాధ్యత ఆయన బోధనలో పక్కపక్కనే నడిచాయి.

ఇటువంటి ఆదేశాలు ఇంకా ఉన్నాయి. పిట్టగోడ లేని డాబా మీద పడుకున్నవాడు దైవరక్షణ హామీకి దూరమైపోతాడని అబూదావూద్ గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తోంది. దారి విషయంలో తగాదా వస్తే దాన్ని ఏడు మూరల వెడల్పు ఉంచాలని దైవప్రవక్త (సఅసం) తీర్పు చెప్పారు. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు. నేడు మన బస్తీల్లో ఎన్ని సందులు ఆ వెడల్పుతో మిగిలాయి? ఒక్కొక్క ఇల్లు అరుగునో మెట్టునో ముందుకు జరుపుకొంటూ పోయింది. ఫైరింజన్ మాట అటుంచండి, జనాజాను భుజాల మీద మోసుకుపోవడం కూడా కష్టమయ్యే సందులు మనకు తెలుసు.

పదేళ్ళు వచ్చిన పిల్లల పడకలు వేరు చేయాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత – ఈ మూడు వేళల్లో ఇంట్లోని పిల్లలు సైతం అనుమతి అడిగి లోనికి రావాలని నూర్ సూరా నిర్దేశించింది (24:58). ఎనిమిది మంది ఒకే గదిలో కాలు మీద కాలు వేసుకుని పడుకునే చోట ఈ ఆదేశాలను పాటించేదెలా? ఇంటికి తగినంత చోటు ఉండాలన్న నియమం ఈ ఆదేశాల్లోనే ఇమిడి ఉంది.

ఖలీఫాల కాలంలో ఈ బోధనలు పట్టణ నిర్మాణ నియమాలుగా రూపొందాయి. రెల్లుతో కట్టిన కూఫా నగరపు ఇళ్ళు కాలిపోయినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఇటుకలతో కట్టుకోవడానికి అనుమతినిచ్చారనీ, మూడు గదులకు మించవద్దనీ, ఎత్తు విషయంలో పోటీ పడవద్దనీ షరతు పెట్టారనీ తబరీ చరిత్ర గ్రంథం పేర్కొంటోంది. ఈజిప్టులోని ఫుస్తాత్‌లో ఖారిజా (రజి) మేడగది కట్టినప్పుడు పొరుగువారి మరుగుకు భంగం కలుగుతుందేమోనన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఒక కొలత నిర్ణయించారు. గదిలో మంచం వేసి, దానిపై పొడుగూ పొట్టీ కాని మనిషిని నిలబెట్టాలి. కిటికీలోంచి అతనికి పొరుగిల్లు కనిపిస్తే ఆ కట్టడాన్ని తీసివేయాలి, కనిపించకపోతే ఉండనివ్వాలి. 14వ శతాబ్దంలో ట్యూనిస్‌కు చెందిన ఇబ్నుర్రామీ అనే తాపీ నిపుణుడు గోడలు, కిటికీలు, పొగ, మురుగుకు సంబంధించిన ధార్మిక తీర్పులన్నిటినీ ఒక గ్రంథంగా కూర్చాడు. ఇంటి నిర్మాణ నియమాలు ఇస్లాంకు కొత్త కావని వీటన్నిటివల్ల తెలుస్తుంది.

ప్రియ సోదరులారా! మన దేశంలోనూ ఇందుకు కొలతలున్నాయి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అంటే సుమారు 102 చదరపు అడుగులు. వెడల్పు కనీసం 2.4 మీటర్లు, ఎత్తు 2.75 మీటర్లు ఉండాలి. తలుపును లెక్కలోకి తీసుకోకుండా, కిటికీలూ వెంటిలేటర్లూ కలిపి గది వైశాల్యంలో ఎంత భాగం ఉండాలో కూడా అది చెప్పింది. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, మధ్యరకం వాతావరణంలో ఎనిమిదో వంతు, ఉక్కపోత అధికంగా ఉండే ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదికి ఎనిమిదో వంతు లెక్కన చూస్తే, నాలుగడుగుల ఎత్తు, మూడడుగులకు పైచిలుకు వెడల్పు గల కిటికీ ఒకటి సరిపోతుంది. అది పెద్ద ఖర్చేమీ కాదు. అయినా మన ఇళ్ళలో నడిమి గదులు ఎన్నో పట్టపగలే దీపం వెలిగించనిదే కనిపించవు.

ఆ చీకటి గదుల మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? క్షయ గాలి ద్వారా వ్యాపించే వ్యాధి. గాలి ఆడని గదిలో రోగి దగ్గినప్పుడు వెలువడే క్రిములు గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. కిటికీ తెరిస్తే అవి చెదరిపోతాయి, సూర్యరశ్మి తగిలితే నశిస్తాయి. ఇంటి ఇరుకును తగ్గించే చర్యలు చేపట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో గట్టిగా సిఫారసు చేసింది. మగవారు పనికీ, మసీదుకూ, బజారుకూ వెళ్ళి కాసేపైనా బయటి గాలి పీల్చుకుంటారు. రోజంతా ఆ గదిలోనే గడిపేది మన తల్లులు, భార్యలు, పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దలు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. పర్దా పేరుతో కిటికీలను ఇటుకలతో మూసివేయించిన ఇళ్ళు మనలో ఉన్నాయి. పర్దా మన ధర్మాజ్ఞ, అందులో సందేహం లేదు. అయితే ఫుస్తాత్ మేడగది విషయంలో హజ్రత్ ఉమర్ (రజి) కిటికీయే వద్దనలేదు, దాని ఎత్తు ఎంతో కొలిపించారు. ఎత్తుగా పెట్టిన వెంటిలేటరు, జాలీ, తెర – వీటితో మరుగూ దక్కుతుంది, గాలీ ఆడుతుంది. అస్ర్ నమాజు వేళ ఎండ ఇంకా తన గదిలోనే ఉండేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. విశ్వాసుల మాతృమూర్తి గదిలోకి సూర్యుని వెలుగు వచ్చింది. మన ఇళ్ళ ఆడపడుచులకు దాన్ని దూరం చేయడానికి మనమెవరం?

దైవప్రవక్త (సఅసం) గదులే చాలా చిన్నవి కదా, ఇరుకును ఓర్చుకోవడమే సహనం కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ గదులు చిన్నవే. వాటి ముందు మసీదు ఆవరణ విశాలంగా తెరుచుకుని ఉండేది. పైగా ఆ నిరాడంబరతను ఆయన తమకోసం ఎంచుకున్నారు. అద్దె డబ్బు కోసం ఇతరుల మీద ఇరుకును రుద్దలేదు. విశాలమైన ఇల్లు, మంచి పొరుగు, అనుకూలమైన వాహనం మనిషి సౌభాగ్యంలోని భాగాలని ఆయనే చెప్పారు. తమ ఇంటిని విశాలం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు కూడా.

ఇళ్ళు అద్దెకిచ్చే సోదరులారా! తలాఖ్ సూరాను ఒకసారి చదవండి. విడాకులు పొందిన స్త్రీకి ఇద్దత్ కాలంలో భర్త తన స్తోమతకు తగినట్లు తాను ఉండే చోటే వసతి ఇవ్వాలనీ, ఆమెను ఇబ్బంది పెట్టే ఉద్దేశంతో ఇరుకున పడవేయకూడదనీ అల్లాహ్ ఆదేశించాడు (65:6). బంధం తెగిపోతున్న వేళ సైతం వసతి విషయంలో బాధించడానికి అనుమతి లేనప్పుడు, నెలనెలా అద్దె చెల్లిస్తూ మన గోడల మధ్య బ్రతికే కుటుంబాన్ని బాధించడానికి ఎక్కడిది అనుమతి? ఇంటి ఉపయోగానికి భంగం కలిగించే లోపాలను సరిచేసే బాధ్యత యజమానిదేననీ, అతను నిరాకరిస్తే అద్దెదారు ఇల్లు ఖాళీ చేయవచ్చనీ ఉస్మానియా పాలనలో క్రోడీకరించిన హనఫీ న్యాయస్మృతి ‘మజల్లా’ పేర్కొంది. ఒక గదిని ప్లైవుడ్ అడ్డుపెట్టి మూడు చేసి, కిటికీ లేని భాగానికి కూడా అద్దె వసూలు చేసేవారు ఆ రాబడి ఎంతవరకు హలాల్ అని తమను తాము ప్రశ్నించుకోవాలి.

పనివారికి వసతి కల్పించే యజమానులకూ ఇదే వర్తిస్తుంది. పనివారు మన సోదరులనీ, మనం తినేదే వారికి పెట్టాలనీ, తొడిగేదే తొడిగించాలనీ దైవప్రవక్త (సఅసం) ఆజ్ఞాపించారు. మనం పడుకోవడానికి ఇష్టపడని గదిలో వారిని పడుకోబెట్టడం ఈ ఆజ్ఞకు తగినదేనా? కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళిన మన సోదరులెందరో ఇటువంటి గదుల్లోనే ఉన్నారు. మన దగ్గర బేకరీల్లో, కార్ఖానాల్లో పనిచేసే ఇతర రాష్ట్రాల కుర్రవాళ్ళు, హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు కూడా ఎవరో తల్లి మన చేతికి అప్పగించిన అమానతులే.

రెండవ ఖుత్బా

సోదరులారా! నమాజు తరువాత ఇంటికి వెళ్ళగానే కొన్ని పనులు చేయండి. మీ ఇంటి మెట్లను చూడండి. బండ్లు, గోనెసంచులు, పాత సామాను దారికి అడ్డంగా ఉంటే తొలగించండి. మెట్ల కింద కరెంటు మీటర్ల పక్కన బ్యాటరీ బండిని రాత్రంతా చార్జింగులో ఉంచవద్దు. డాబా తలుపుకు తాళం వేస్తే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. కిటికీలకు బిగించిన ఇనుప గ్రిల్‌లో ఒక భాగమైనా లోపలినుంచి తెరుచుకునేలా చేయించండి. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వాడకండి, అది వెలువరించే విషవాయువుకు వాసన ఉండదు. డాబాకు కనీసం మీటరు ఎత్తున పిట్టగోడ కట్టించండి. పగిలిన తీగలను, కాలిన స్విచ్చులను మార్పించండి.

ఇవి చేయించుకునే స్తోమత లేనివారిని నిందించకండి. ఇరుకు ఇల్లు పేదవాని నేరం కాదు. ప్రతి మసీదు కమిటీ తన మహల్లాలోని ఎలక్ట్రీషియన్లను, మేస్త్రీలను పిలిచి నెలలో ఒక్క రోజు వారి శ్రమను కోరవచ్చు. సదఖా సొమ్ముతో ఒక వితంతువు ఇంట్లో తీగలు మార్పించినా, ఒక చీకటి గదికి కిటికీ పెట్టించినా, అది ఆ ఇంట్లోని ప్రతి ఊపిరికీ తోడ్పడే పుణ్యం. దారిలోని ముల్లును తీసివేయడం విశ్వాసంలో భాగమైనప్పుడు, ప్రాణాపాయాన్ని తొలగించడం ఎంత గొప్ప ఆచరణో ఆలోచించండి. ఆ ఇల్లు ముస్లింది కాకపోయినా మన బాధ్యత తగ్గదు. మంటకు మతం లేదు, పొరుగువాని హక్కుకు కూడా ఆ హద్దు లేదు.

ఓ అల్లాహ్! అగ్నిప్రమాదాల్లో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు ఊరట ప్రసాదించు. మా ఇళ్ళను విశాలం చెయ్యి, వాటిని నెమ్మదికి నెలవులుగా చెయ్యి. మా ఇళ్ళలో ఉండేవారి విషయంలో, మేము వసతి కల్పించిన వారి విషయంలో నీ ముందు నిలబడి జవాబు చెప్పుకోగలిగేలా మమ్మల్ని తీర్చిదిద్దు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.