కొవ్వూరు క్యారేజీ

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాని గురించి నాకంటె బాగా తెలిసినవారు ఇంతకు ముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను కాలేజీ స్నేహాల గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. సరదా కబుర్లే కదా అని ఒప్పుకున్నాను. రాయడానికి కూచుంటే సరదాగా రాలేదు. వచ్చిందే చదువుతాను, మన్నించాలి.

1967లో మేం నలుగురం రాజమండ్రి ఆర్ట్సు కాలేజీలో బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. ఇన్నీసుపేటలో ఒకే గది, ఒకే కిరసనాయిలు స్టవ్వు. ఒకడిది అమలాపురం, ఒకడిది తుని, ఒకడిది కొవ్వూరు. అప్పటికి గోదావరి మీద రోడ్డు వంతెన లేదు, అది 1974లో వచ్చింది. అవతలి ఒడ్డు నుంచి రావాలంటే రైలు, లేదా లాంచీ. కొవ్వూరు వాడి తల్లిగారు వారానికి రెండుసార్లు లాంచీలో క్యారేజీ పంపేవారు. నాలుగు గిన్నెల ఇత్తడి క్యారేజీ. ఒక్క కొడుక్కి అంత దేనికి? ఆవిడ లెక్కలో మేం నలుగురం ఉన్నాం. పనసపొట్టు కూర వచ్చిన రోజు మేం స్టవ్వు ముట్టించేవాళ్లం కాదు.

ఆ ఏడే గోదావరి పుష్కరాలు. రేవులో మెట్ల మీద కూచుని, ఎక్కడున్నా ప్రతి పుష్కరానికీ ఇక్కడే కలుద్దామని ఒట్టేసుకున్నాం. ఇరవై ఏళ్ల వాళ్లకి పన్నెండేళ్లంటే ఏం తెలుస్తుంది!

తర్వాత ఎవరి దారి వారిది. అమలాపురం వాడు వ్యవసాయ శాఖ, తుని వాడు విద్యుత్ బోర్డు, నేను 1969లో తపాలా శాఖ. కొవ్వూరు వాడు సొంతూళ్లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. పెన్షను లేని ఉద్యోగం. మొదట్లో నెలకో ఇన్‌లాండు లెటరు. తర్వాత సంక్రాంతికీ ఉగాదికీ. ఆ తర్వాత మా మధ్య నడిచిన ఉత్తరాలు శుభలేఖలే. 1979లో ఇద్దరమే కలిశాం. 1991లో నలుగురం పిల్లాపాపలతో వచ్చాం.

ఇక 2003. ఇక్కడే కొంచెం ఆగుతాను.

నలుగురం స్నానాలు చేసి గట్టు మీద కూచున్నాం. అమలాపురం వాడు అమెరికాలో కూతురి ఇంటి ఫొటోలు తీశాడు. తుని వాడు కొత్తగా కొన్న ఫ్లాటు సంగతి. నేను మా అబ్బాయి బెంగుళూరు ఉద్యోగం, వాడి జీతం. అవును, జీతం కూడా చెప్పాను. కొవ్వూరు వాడు, "మావాడు వ్యాపారంలో ఉన్నాడురా" అని నీళ్ల వైపు చూశాడు. ఏం వ్యాపారం, ఎలా ఉంది అని ముగ్గురిలో ఒక్కడు అడగలేదు.

మరుసటి సంక్రాంతికి నేను వాడికి రాసిన కవరు వెనక్కి వచ్చింది. పైన 'లెఫ్ట్' అని పోస్ట్‌మన్ రాత. ఉద్యోగంలో అలాంటి కవర్లు ఎన్ని వేలు చూశానో! ఇల్లు మారినవాడు కొత్త చిరునామా పోస్టాఫీసులో ఇస్తే ఉత్తరం అక్కడికి పంపుతాం. వాడు ఇవ్వలేదు. ఇవ్వలేదంటే కారణం ఉంటుందని నాకు తట్టాలి. కొవ్వూరు నాకు వంతెన దాటితే వస్తుంది. అక్కడి పోస్ట్‌మన్‌ని అడిగితే ఊరంతా చెబుతాడు. నేను వెళ్లలేదు. "మనవాడే మరిచిపోయాడు" అని మా ఆవిడతో అన్నాను కూడా. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరుంది.

2015 జూలై 14, పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి రేవులో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి మీకు తెలుసు. ఆ రోజు మా ఇంట్లో ల్యాండ్‌లైను మోగింది. "ఒరేయ్, బతికే ఉన్నావా? రేవుకి వెళ్లావా?" పన్నెండేళ్ల తర్వాత ఆ గొంతు. టీవీలో చూసి, మేం అక్కడే ఉంటామని భయపడి, పాత డైరీ వెతికి చేశాడు. మా వాళ్లు ల్యాండ్‌లైను తీసేద్దామని ఎన్నోసార్లు అన్నారు. ఎందుకు తీయించలేదో చెప్పలేను, బద్ధకమే అయి ఉంటుంది.

రెండు నెలల తర్వాత తుని వాడూ నేనూ ఖరగ్‌పూర్ వెళ్లాం. రైల్వే పనుల కోసం తాతల నాడే మనవాళ్లు చాలామంది చేరిన ఊరు, వీధిలో తెలుగు వినిపిస్తుంది. వాడు కూతురి దగ్గర ఉంటూ పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు. కొడుకు అప్పులకి ఇల్లు అమ్మేశాడట. భోజనాలయ్యాక తనే అన్నాడు: "2003లో మిమ్మల్ని నలభై వేలు అడుగుదామని వచ్చానురా. ఆ నెల గట్టెక్కితే ఇల్లు నిలిచేది. మీరు ఫొటోలు చూపిస్తున్నారు. నోరు రాలేదు."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోను. వాట్సాప్ గ్రూపు కూడా ఉందిలెండి, అందులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు వస్తాయి, అవి నేను లెక్కలోకి తీసుకోను. ఫోనులో మాత్రం ముందు బీపీ, షుగరు, తర్వాత డబ్బు ఇబ్బందేమన్నా ఉందా అని పేరు పేరునా అడుగుతాం. మొదట్లో సిగ్గుగా ఉండేది. పిల్లల గొప్పలు చివర్న, టైముంటే.

ఇంకో పని చేశాం. ముగ్గురి పీపీవో నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, భార్యల పుట్టిన తేదీలు కొవ్వూరు వాడికి పంపాం. పెన్షను లేనివాడే మా రికార్డు కీపరు. 2021లో కరోనా రెండో విడతలో అమలాపురం వాడు పోయాడు. వదినగారికి పీపీవో ఎక్కడుందో తెలియదు, బీరువా అంతా వెతికించారు. ఖరగ్‌పూర్ నుంచి గంటలో కాగితాలన్నీ ఆవిడ ఫోనుకి వచ్చాయి. ఫ్యామిలీ పెన్షను దరఖాస్తు తుని వాడు దగ్గరుండి నింపించాడు. ఈ సభలో ఉన్న అమ్మలందరినీ ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో పీపీవో ఏ అరలో ఉందో ఇవాళ ఇంటికెళ్లి చూడండి.

ఇక 2027 పుష్కరాలు. మాకు ఎనభై నిండుతాయి. పోయిన ఒకటో తారీఖున కొవ్వూరు వాడు, "మోకాళ్లు సహకరించవురా, గట్టు మీదే కూచుంటాను, చెంబుతో నీళ్లు తెచ్చి పొయ్యి" అన్నాడు. తుని వాడు, "మరి క్యారేజీ ఎవరు తెస్తార్రా?" అన్నాడు. నేను తెస్తానన్నాను. మా ఇత్తడి క్యారేజీని మా ఆవిడ అటక మీంచి దింపించింది. గిన్నెలు నాలుగూ ఉన్నాయి, పై మూత కనబడటం లేదు. వెతుకుతున్నాం.