నూట పాతిక మైళ్ళ పడవ పందెం

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో, పావగడలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు, క్రీడలు అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను బ్యాంకులో గుమాస్తాగా లెడ్జర్లు రాసినవాణ్ణే గాని ఆటలాడినవాణ్ణి కాను. అందుకని కళ్ళారా చూసిన ఒక్క పందెం గురించే చెబుతాను. అది పడవల పందెం. పావగడలో పడవల మాటేమిటని మీరు నవ్వుకోవచ్చు. నాగలమడక దగ్గర మన ఉత్తర పినాకినిలో ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే. నది వచ్చిందని తెలిస్తే చిన్నప్పుడు పనులు మాని చూడబోయేవాళ్ళం.

పడవ పందెం అంటే మనకు గుర్తొచ్చేది కేరళ. ఆలప్పుళలో 1952లో మొదలైన నెహ్రూ ట్రోఫీ పందెం టీవీలో మీరూ చూసే ఉంటారు. ఒక్కొక్క పడవలో వంద మంది దాకా తెడ్లు వేస్తారు, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఈ మధ్య కోనసీమలో ఆత్రేయపురం దగ్గర సంక్రాంతికి మన తెలుగువాళ్ళూ పడవ పందేలు పెట్టారు. నేను చెప్పబోయేది ఆ రకం కాదు.

2019 ఈస్టరు సెలవుల్లో నేను ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో మా తమ్ముడి కొడుకు ఇంట్లో ఉన్నాను. శనివారం నాడు వాడు, "పెద్దనాయనా, రా, ఏటి దగ్గర పందెం పోతావుంది" అని పిల్చుకుపోయాడు. డివైజెస్ అనే ఊళ్ళో కాలువలో మొదలుపెట్టి, రీడింగ్ దగ్గర థేమ్స్ నదిలో కలిసి, లండనులో వెస్ట్‌మినిస్టర్ వంతెన దాకా 125 మైళ్ళు, అంటే సుమారు 200 కిలోమీటర్లు. ఎక్కువ పడవల్లో ఇద్దరేసి ఉంటారు. పెద్దవాళ్ళు పగలూ రాత్రీ ఆగకుండా పోతారు. బడిపిల్లల జట్లు రాత్రుళ్ళు గుడారాల్లో పడుకుని నాలుగు రోజుల్లో పోతాయి.

దీని పుట్టుక వినదగ్గది. 1948లో ఆ ఊరి స్కౌట్ కుర్రాళ్ళు నలుగురు, అందరూ పదిహేడేళ్ళవాళ్ళే, 100 గంటల్లోపల లండను చేరితే స్కౌట్ల నిధికి 20 పౌన్లు ఇస్తామని పందెం కట్టారు. తిండీ గుడారమూ పడవలోనే మోసుకుపోయి, 90 గంటలకు పది నిమిషాల ముందే చేరారు. తర్వాత అది ఏటేటా జరిగే పందెం అయింది. 1979లో గ్రీన్‌హామ్, కార్నిష్ అనే ఇద్దరు 15 గంటల 34 నిమిషాల్లో ముగించారు. నలభై ఏళ్ళు దాటినా ఆ రికార్డు చెరగలేదు.

దారి పొడవునా లాకులున్నాయి. నీటి మట్టం మెట్టుమెట్టుగా మారే చోట కట్టిన తలుపులవి. లాకు వచ్చినప్పుడల్లా పడవ దిగి, దాన్ని భుజానికెత్తుకుని గట్టు మీద పరుగెత్తి, అవతల మళ్ళీ నీళ్ళలో వేసుకోవాలి. ఇట్లా 77 సార్లు. మా వాడు ఈ మాట చెప్పినప్పుడు, అయితే ఈ పందెం మన పినాకినిలో కూడా పెట్టొచ్చురా అన్నాను.

నాకు మరీ నచ్చింది ఇందులోని లెక్క. బయలుదేరిన చోటికి సుమారు 108 మైళ్ళ దూరంలో టెడింగ్టన్ ఉంది. అక్కడి నుంచి కింద నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. పోటు వేళ నీళ్ళు ఎదురు తిరుగుతాయి, ఆటు వేళ సముద్రం వైపు లాగుతాయి. ఆటు ఉన్న కొన్ని గంటలే పడవల్ని కిందికి వదులుతారు. ముందొస్తే కాచుకోవాలి. ఆలస్యమైతే రాత్రంతా తెడ్డు వేసినా సరే, పందెం అక్కడితో సరి. అందుకని పెద్దవాళ్ళ జట్లు ఎప్పుడు బయలుదేరాలో ఎవరికి వారే వెనక నుంచి లెక్క కట్టుకుంటారు. టెడింగ్టనుకు మాకు పద్దెనిమిది గంటలు పడుతుంది, ఆటు తెల్లవారి నాలుగింటికి, కాబట్టి ముందు రోజు పొద్దున పదింటికి దిగాలి, ఇట్లా. తన వేగం ఉన్నదానికంటే ఎక్కువనుకున్నవాడు తీరిగ్గా బయలుదేరతాడు, దారి మూశాక చేరతాడు.

నేను ఆ జాతివాణ్ణే. 1980ల్లో బ్యాంకువాళ్ళ సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్ష మొదటి భాగం ఒక్క దెబ్బలో పాసయ్యాను. ఆ ధీమాతో రెండో భాగం వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ ఉండిపోయాను. ఇంతలో సంసారం, పిల్లలు, బదిలీలు. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగాను. ఆ పందెంలో మధ్యలో మానుకున్నవాళ్ళను కూడా 'రిటైర్డ్' అనే రాసుకుంటారట. ఆ లెక్కన నేను రెండు విధాలా రిటైరైనవాణ్ణి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. ఆ మధ్యాహ్నం బడిపిల్లల పడవలు వచ్చే వేళకు గట్టు మీద అమ్మలూ నాన్నలూ ఫ్లాస్కులు, అరటిపండ్లు, పొడి చొక్కాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మన పరీక్ష హాళ్ళ ముందు మజ్జిగ సీసాలతో నిలబడతాం చూడండి, అదే తంతు. ఒక పిల్ల, పి.యు.సి. వయసుది, చేతులకు పట్టీలతో దిగింది. పడవ ఎత్తేటప్పుడు తూలింది. తండ్రి కాబోలు, రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. తిండీ బట్టా ఇవ్వొచ్చుగాని పడవకు చెయ్యి వేయకూడదు, అది రూలు. ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల మోసుకుని పోయింది.

ఎందుకు చెబుతున్నానంటే, మన ట్రస్టుకు వచ్చే దరఖాస్తుల్లో తండ్రుల చేతిరాతే ఎక్కువగా కనిపిస్తోంది. ఏ కోర్సు చేరాలన్న గడి కూడా నాన్నే నింపి, పిల్లల చేత సంతకం మాత్రం పెట్టిస్తున్నారు. రెండో విడత డబ్బుకు ఫారాలు ఈ రోజే ఇస్తున్నాం. వాటిని పిల్లలే రాయాలి. ఆఖరు తేదీ పైన అచ్చు వేసి ఉంది. మార్కుల కార్డు, బ్యాంకు పాసుబుక్కు నకళ్ళు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టుకోండి. ఏ గడి అర్థం కాకపోయినా భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, కూర్చుని చెబుతాను. పెన్ను మాత్రం మీరే తెచ్చుకోండి.

సెలవు.