జబ్బ నొప్పి అంతా వాతం కాదు
(కౌకూర్ రైతుల సమావేశంలో ప్రసంగ పాఠం)

బస్తాలెత్తి, మందు పంపు మోసి జబ్బ నొస్తే వాతమనుకుంటాం. భుజం కీలును నాలుగు కండరాల తాళ్లలాంటి కొసలు పట్టి ఉంచుతాయి. దాన్నే డాక్టర్లు రొటేటర్ కఫ్ అంటారు. వయసుతో అరుగుతుంది; ఒడ్డు మీద జారిపడితే ఒక్కసారే తెగవచ్చు.

రాత్రి ఆ పక్కకు పడుకోలేం. ఇంకొకరు లేపితే చెయ్యి లేస్తుంది, మనంతట మనం లేపలేం. అనుమానించాల్సింది అక్కడే. ఎక్స్‌రేలో చిరుగు కనబడదు, అల్ట్రాసౌండో ఎమ్మారైయో కావాలి.

అరుగుడుతో వచ్చిన చిరుగైతే చాలామందికి నెలల తరబడి ఫిజియోథెరపీతోనే నయమవుతుంది. పడ్డాక చెయ్యి లేవకపోతే మాత్రం నాటు కట్లతో కాలం గడపకండి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి ఎముకల విభాగానికి వెంటనే పోండి. ఆలస్యమైతే కండ ఎండిపోతుంది, కుట్టినా అతకడం కష్టం.

ఆపరేషనైతే నాలుగు నుంచి ఆరు వారాలు చేతికి పట్టీ, బరువులకు నెలల విరామం. ఆ నెలల కూలి ఎవరిస్తారు? సంఘం సర్కారును అడగాల్సింది అదే.