గొలుసు పొడవెంత?



గత చైత్రమున, మన జేకేపూర్‌లోనే, మా దొడ్డిలో కుక్క గొలుసు గుంజకు చుట్టుకొనిపోయినది. నీళ్ల గిన్నె జానెడు దూరములోనే యున్నది, కాని నోటికందలేదు. కట్టినవాడను నేనే.

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దాని 11వ సెక్షను ప్రకారము, మరీ కురచయైన లేక బరువైన గొలుసుతో జంతువును మితిమీరిన కాలము కట్టియుంచుట నేరము. నిత్యము కట్టియుంచు కుక్కను తగినంత తిప్పకపోవుటయు నేరమే. అయితే ఇన్ని మూరలు, ఇన్ని గంటలు అని చట్టము లెక్క చెప్పలేదు. ఆ లెక్క మొదట తేల్చవలసినవారము మనమే.

వీధిలోనికి విడిచిపెట్టుడని నేననుట లేదు. నీడ, నీళ్లు, పొడవైన గొలుసు, ఉదయ సాయంకాలములు కొంత నడక—ఇంతే. నేటి పండుగ భోజనము కాగానే, మీ దొడ్డిలోనికి ఒకసారి వెళ్లి చూడుడు.