క్రొత్త తండ్రి మనస్సు

బిడ్డ పుట్టినదని తెలిసినంతనే మనము అడుగు ప్రశ్నలు రెండు: తల్లి క్షేమమా? బిడ్డ క్షేమమా? ఈ రెండును అడుగవలసినవే. ప్రసవము స్త్రీకి పునర్జన్మయని పెద్దలు ఊరక అనలేదు. ఆ కష్టముతో పోల్చదగిన కష్టము పురుషునకు లేదు. అయినను, ఆ శుభవార్తను చెప్పి మిఠాయి పంచు తండ్రిని “నీవెట్లున్నావు?” అని అడుగువారు అరుదు. ఆ మూడవ ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

నా మిత్రుడొకడు గుమాస్తా, నెమ్మదస్థుడు. భార్యను తొలికాన్పునకు పుట్టింటికి పంపినది మొదలు అతనికి నిద్ర కరవైనది. రాత్రివేళ ఫోను మ్రోగినచో గుండె జారును; మ్రోగకున్నచో ఏమైనదోయని దిగులు. ఆసుపత్రి ఖర్చునకై చేసిన అప్పు మరియొక బరువు. మూడవ నెలలో తల్లీబిడ్డలు ఇల్లు చేరిరి. వాకిట ఎర్రనీళ్ళతో దిష్టి తీసిరి. ఇంటిల్లిపాదికిని పండుగ. కాని అతడు నానాటికి ఆలస్యముగా ఇల్లు చేరసాగెను. బిడ్డ ఏడ్చినచో విసుగుకొనును. భార్య పలుకరించినచో ముక్తసరిగా బదులిచ్చును. “వీనికి బిడ్డమీద మమకారము లేదు” అని ఇంటివారు తేల్చిరి. ఒకనాటి రాత్రి అతని తండ్రి అరుగుమీద ప్రక్కన కూర్చుండి, “ఏరా, రాత్రులు నిద్ర పడుతున్నదా?” అని మాత్రమే అడిగెను. ముప్పది యేండ్ల కొడుకు బదులు చెప్పలేక ఏడ్చెను. కొంతసేపటికి, “ఈ బిడ్డను నేను పెంచగలనా నాన్నా?” అనెను. అతనికి కొరవడినది మమకారము కాదు, ధైర్యము.

ఇట్టి స్థితి అరుదైనది కాదు. 2010లో అమెరికా వైద్యపత్రిక యొకటి, వివిధ దేశములలో జరిగిన 43 పరిశోధనలను క్రోడీకరించిన వ్యాసమును ప్రకటించినది. భార్య గర్భవతియైనది మొదలు బిడ్డకు ఏడాది నిండువరకు గల కాలమున, తండ్రులలో సుమారు 10 శాతము మందికి మనోవ్యాకులత కలుగుచున్నదని అందు తేలినది. బిడ్డకు మూడు నెలలు మొదలు ఆరు నెలల వయస్సు వచ్చు నడుమ ఈ బాధ అన్నిటికంటె హెచ్చుగా కనబడినది. మన ఇండ్లలో తొలి కాన్పు పుట్టింట జరిగి, మూడవ నెలలోనో ఐదవ నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి వచ్చుట వాడుక. అనగా, అంతవరకు చుట్టపుచూపుగా వెళ్ళి బిడ్డను చూచి వచ్చిన తండ్రికి, రాత్రింబవళ్ళ పూచీ మీదపడునదియు సరిగా ఆ నెలలలోనే.

స్త్రీలకువలె పురుషులకు దుఃఖము కన్నీరుగా బయటపడకపోవచ్చును. కోపము, మౌనము, పనిలో మునిగి ఇంటికి దూరమగుట, మద్యమునకు అలవాటుపడుట, తలనొప్పి, ఆకలి మందగించుట మొదలగు రూపములలో అది కనబడును. కనుకనే ఇంటివారు దానిని దుర్గుణముగా భావింతురు, రోగముగా గుర్తింపరు. ఉపేక్షించినచో నష్టము తండ్రితో ఆగదు. బిడ్డ పుట్టిన ఎనిమిది వారములకు వ్యాకులతతో ఉన్న తండ్రుల పిల్లలలో, మూడున్నర యేండ్ల ప్రాయమున ప్రవర్తనకు సంబంధించిన చిక్కులు హెచ్చుగా కనబడినట్లు 2005లో బ్రిటనులో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. భార్యకు వ్యాకులత కలిగిన ఇంట భర్తకును కలుగుట తరచు. కావున ఒకరిని విడిచి ఒకరిని విచారించుట చాలదు.

మరి చేయవలసినదేమి? మొదటిది, భయమును నోట పలుకుట. వైద్యుని యొద్దకు భార్యతో తానును వెళ్ళి సందేహములను అడిగి తెలిసికొన్నచో, ఊహలో పెరిగిన భయములు సగము తగ్గును. ఖర్చును కాగితముపై వ్రాసికొని, అనుభవముగల పెద్దవారితో ఆలోచించుట మంచిది. రెండవది, బిడ్డను ఎత్తుకొనుట. “మగవానికి చేతగాదు, ఇటు తెమ్ము” అని మన అత్తలు, అమ్మలు బిడ్డను లాగికొనుట ప్రేమతోనే. కాని చేతగానితనము చేసిననే పోవును. గుడ్డలు మార్చుట, త్రేన్పు వచ్చువరకు భుజమున వేసికొనుట, రాత్రి ఒక జామైనను తాను మేల్కొని భార్యను నిద్రింపనిచ్చుట, ఇవి తండ్రి నేర్వదగినవి. మూడవది, నిద్ర. దంపతులిద్దరును ఒకేసారి మేల్కొని, ఒకేసారి అలసిపోవుటకంటె వంతులు వేసికొనుట మేలు. కేంద్రప్రభుత్వోద్యోగులకు ఇద్దరు బిడ్డలవరకు, ప్రసవ సమయమున 15 దినముల పితృత్వపు సెలవు కలదు; దానిని మొగమాటపడక వాడుకొనవలెను. ఆటో నడుపువానికి, దినకూలికి అట్టి సెలవు లేదు. వారికి ఇరుగుపొరుగుల సాయమే సెలవు.

దిగులు రెండు వారములకు మించి నిలిచినచో వైద్యుని చూడవలెను. ఇది సంప్రదింపులతోను, అవసరమైనచో మందులతోను నయమగు జబ్బు. ప్రాణముమీద విరక్తి కలిగినచో, తనకో బిడ్డకో హాని తలపెట్టు ఊహలు వచ్చినచో, ఒక్క దినమైనను ఆగరాదు. 2022లో భారతప్రభుత్వము ఆరంభించిన టెలీమానస్ అను సహాయకేంద్రము 14416 సంఖ్యపై ఇరువదినాలుగు గంటలును ఉచితముగా పలుకును, తెలుగులోను మాటలాడవచ్చును.

శ్రోతలారా! మీ చుట్టముల యింట త్వరలో బారసాల జరుగవచ్చును. ఉయ్యాలలోని బిడ్డను దీవింపుడు. తల్లి ఆరోగ్యమును విచారింపుడు. పిదప, పందిరి క్రింద వచ్చినవారికి మంచినీళ్ళు అందించుచు తిరుగు ఆ తండ్రిని ఒక్క నిమిషము ప్రక్కకు పిలిచి కూర్చుండబెట్టి, “నాయనా, నీకు నిద్ర పడుతున్నదా?” అని అడుగుడు. అడిగి, అతడు చెప్పువరకు ఓపికతో వినుడు.